బడి వెనక బెల్లం ఊట

ఆ రోజుల్లో నాకు సిమెంటు బస్తా కనిపిస్తే చాలు, ఒళ్లు మండేది. ఆర్కిటెక్చరు కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డాను. ఒంటి మీద చేనేత కుర్తా, భుజాన గుడ్డసంచి, అందులో ఒక నోటు పుస్తకం, ఒక టేపు, ప్రపంచాన్నంతా మట్టితో మళ్లీ కట్టేస్తానన్న ధీమా. (కుర్తా రంగు మొదటి ఉతుకులోనే సగం పోయింది. ధీమా పోవడానికి ఇంకొంచెం కాలం పట్టింది.) ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా మొదలవుతాయి. నేను పుట్టి పెరిగింది కడపలోనే. నాపబండల మీద పాకి, నాపబండల మీద పడి, ముందు పళ్లు రెండు ఊడగొట్టుకున్నదాన్ని. అయినా ఐదేళ్ల చదువు తర్వాత నాపరాయిని నేనే కనిపెట్టినట్టు మాట్లాడేదాన్ని. నా మాట తీరు కూడా మారిపోయింది. "యాడికి పోతాండావే?" అని అమ్మ అడిగితే, "క్షేత్ర పరిశీలనకి వెళుతున్నానమ్మా" అని జవాబిచ్చేదాన్ని. అమ్మ జాలిగా చూసి, జ్వరమేమైనా తగిలిందేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టేది.

కర్నూల్లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పల్లెల్లో బళ్లను ఎక్కడికక్కడ దొరికే రాయితో, మట్టితో, సున్నంతో కట్టించడం వాళ్ల పని. మా పెద్దసారు నన్ను మూడు నెలలు ఆఫీసులో ఉంచుకుని, నా ఉపన్యాసాలు భరించలేక కాబోలు, ఓర్వకల్లు దాటాక రాతిగుట్టల వెనక ఉన్న ఒక పల్లెకు పంపించేశారు. "రెండు తరగతి గదులు. జూన్‌లో బడి తెరిచే నాటికి పూర్తి కావాలి. అక్కడివాళ్లు చెప్పేది శ్రద్ధగా విను" అన్నారు. ఆ చివరి మాట నేను శ్రద్ధగా వినలేదు.

ఊరికి ఎడంగా, గుట్ట పక్కన ఉండేది ఆ బడి. పైన రేకులు. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలు వడియాల్లా ఎండిపోయేవాళ్లు. వాన పడితే ఆ చప్పుడుకు ఏమీ వినబడక, "గట్టిగా చదవండి" అన్న మాటను కూడా హెడ్‌సారు బోర్డు మీద రాసి చూపించేవారు. హెడ్‌సారంటే సన్నగా, పొడుగ్గా, తనిఖీ అన్న మాట చెవిన పడితే చాలు పై గుండీ పెట్టుకునే మనిషి. ఆయన మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పారు. పొద్దున్నే పసుప్పచ్చ బస్సొకటి వచ్చి ఊళ్లో పిల్లల్ని ఏదో ప్రైవేటు బడికి తీసుకుపోతోంది. ఇంకో పదిమంది ఆ బస్సెక్కితే ఈ బడిని పక్కూరి బడిలో కలిపేస్తారు. పక్కూరికి నడిచిపోలేని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంట్లోనే ఉండిపోతారు. "కొత్త గదులు చూసైనా నలుగురు ఆగుతారేమోనమ్మా" అన్నారు. ఆయన గొంతు విన్నాక, అంతవరకూ పటంగా మాత్రమే కనిపించిన ఆ రెండు గదులు మొదటిసారి నాకు గదుల్లా కనిపించాయి.

బడి ముందు ఊరివాళ్లందర్నీ కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పర్యావరణం, సుస్థిర నిర్మాణం, స్థానిక వనరులు, సంప్రదాయ విజ్ఞానం — ఒక్కటీ వదల్లేదు. అంతా విన్నాక ముందు వరసలో ఒకాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. "ఇంతకూ స్లాబు ఏస్తారా, ఎయ్యరామ్మా?" అన్నాడు. వెయ్యమన్నాను. "మేమేమో మట్టిమిద్దెలు పడగొట్టి స్లాబులు ఏసుకుంటాంటే, మీరొచ్చి బడికి మట్టంటాండారు. మా పిల్లోళ్లు ఏం పాపం జేసినారు?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ నిమిషం నుంచి ఆ ఊళ్లో నా పేరు మట్టి మేడం.

ఆ నవ్వులో నుంచి ఒకావిడ గరిటె పట్టుకుని వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వ. మనిషి పొట్టి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినిపిస్తుంది. నా పటం ముందు నిలబడి, గరిటె కాడతోనే ఆ మూలా ఈ మూలా వెతికింది. "ఉన్న బాత్‌రూము పడగొట్టిస్తివి. కొత్తది యాడమ్మా ఈ పటంలో?" అంది. పడగొట్టించిన మాట నిజమే. తలుపు ఊడిపోయిన పాత గది ఒకటుంటే, దాన్ని కూల్పించి ఆ రాళ్లను పునాది కోసమని కుప్ప పోయించాను. పాత సామాను మళ్లీ వాడుకోవాలన్నది మా కాలేజీలో నేర్పిన మొదటి సూత్రం. "అది రెండో దశలో వస్తుందవ్వా" అన్నాను. "రెండో దశంటే యెప్పుడు?" "నిధులు వచ్చాక." అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, "అంటే రాదు" అనేసి, మాడుతున్న పప్పు దగ్గరికి పోయింది. నేను మాత్రం వరండా ముందు కట్టబోయే రాతి కమాను గురించి చెప్పడంలో మునిగిపోయాను. ఆ కమాను నా ప్రాణం. దాన్ని పదహారు రకాలుగా గీసి పెట్టుకున్నాను.

ఆ రోజు నా పరువు కాపాడినవాడు బేల్దారి తాత. తాపీపని చేసేవాళ్లను మా వైపు బేల్దార్లంటారు. తాతకు డెబ్భై దగ్గర పడ్డాయి, గరిటె అవ్వకు మొగుడు. వెనక వరసలో గొంతుక్కూచున్నవాడల్లా లేచి, "ఏమప్పా, మన చర్చి గోడలు సూసినారు కదా. మా నాయన పెట్టిన సున్నపు గచ్చు అది. సిమెంటా అది? ఇంతవరకూ ఒగ బీట ఇచ్చిందా? నేను ఉండా గదా, సేసి సూపిస్తా" అన్నాడు. ఊరంతా ఒక్కసారి చర్చి వైపు చూసింది. పాత చర్చి గోడ ఎండలో ఇత్తడి చెంబులా మెరుస్తోంది. బడి తెరిచే లోపల పూర్తి కాకపోతే మాత్రం మళ్లీ తమకు కనబడొద్దని నన్ను హెచ్చరించి, ఊరివాళ్లు ఒప్పుకున్నారు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత రెండు నెలలూ ఆ బడిని కట్టింది తాతే. నేను టేపు పట్టుకుని వెంట తిరిగేదాన్ని. గుట్ట రాళ్లతో గోడలు లేచాయి, బేతంచెర్ల నుంచి నాపబండలు ట్రాక్టర్ల మీద వచ్చి పైన కూర్చున్నాయి, వాటి మీద నీళ్లు దిగనివ్వని చౌడు మట్టి పరుచుకుంది. మట్టి మంచిదో కాదో చూడటానికి నేను గాజు సీసాల్లో నీళ్లు పోసి, మట్టి కలిపి, ఒక రాత్రంతా తేర్చి, పొరలు కొలిచేదాన్ని. తాత చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, "పనికొస్తాది" అని ఉమ్మేసేవాడు. ఇద్దరి ఫలితాలూ ఒక్కటే వచ్చేవి. నావి ఒకరోజు ఆలస్యంగా వచ్చేవి, అంతే. ఆదివారం మాత్రం తాత పని ముట్టడు. తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. ఆ రోజు నేను ఒక్కదాన్నే పోయి గోడల్ని చూసుకుని మురిసిపోయేదాన్ని.

గోడలయ్యాక వాటికి పూసే గచ్చు వంతు వచ్చింది. సున్నాన్ని గానుగలో వేసి, ఎద్దులు రాతి చక్రాన్ని లాగుతూ గుండ్రంగా తిరుగుతుంటే వెన్నలా నలుగుతుంది. అయితే ఆ సున్నానికి పట్టు రావాలంటే కరక్కాయలు దంచి, బెల్లం కలిపి, నీళ్లలో పదిరోజులు ఊరబెట్టిన ద్రవం పొయ్యాలట. తాత ఈ మాట చెప్పగానే నాకు ఒళ్లు పులకరించింది. కర్నూలు నుంచి ఎనిమిది నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు తెప్పించి, బడి వెనక నీడలో వరసగా పెట్టించాను. బెల్లం, కరక్కాయలు, నీళ్లు, పైన గోనెపట్టా. శాస్త్రీయంగా ఉండాలని ప్రతి డ్రమ్ము మీదా సుద్దముక్కతో "బెల్లం ఊట - మూడో రోజు", "బెల్లం ఊట - నాలుగో రోజు" అని గుండ్రని అక్షరాలతో రాసేదాన్ని. ఊరేది కాబట్టి ఊట అని నేనే పేరు పెట్టాను. పేపర్లో "బెల్లం ఊట ధ్వంసం" అన్న వార్తను అప్పటికి కనీసం వందసార్లు చదివి ఉంటాను. బెల్లం ఊటంటే నాటుసారా కాయడానికి పులియబెట్టే సరుకని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆ తొమ్మిదిరోజులూ ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకపోగా, డ్రమ్ముల పక్కన నిలబడి ఫోటో దిగి, "మా బెల్లం ఊట సిద్ధమవుతోంది!" అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్నాను.

మే నెల ఎండకు ఐదోరోజుకల్లా వాసన మొదలైంది. ఆరోరోజు పొద్దున ఒకాయన వచ్చి, "గోడలు యెట్ల లేస్తాండాయో సూసి పోదామని" అంటూ డ్రమ్ముల వైపే చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు ఐదుగురు వచ్చారు. ఆ పై రోజు పక్కూరి నుంచి కూడా వచ్చారు. అందరూ గోడల్ని మెచ్చుకున్నారు. ఒకాయన లోతుగా గాలి పీల్చి, "శానా బాగ కడ్తాండారమ్మా" అని కళ్లు మూసుకున్నాడు. ఈ పల్లెల్లో మగవాళ్లకు భవన నిర్మాణం మీద ఇంత ఆసక్తి ఉందని నాకు ఇదివరకు తెలియదని పెద్దసారుకు ఫోన్ చేసి సంబరంగా చెప్పాను. ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు.

తొమ్మిదోరోజు పొద్దున, నేను డ్రమ్ముల మీద అంకెలు మారుస్తుండగా, అవ్వ వచ్చింది. వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్లు, చేతుల్లో చీపుర్లు, బిందెలు. అవ్వ నా మొహం కూడా చూడలేదు. నేరుగా తాత దగ్గరికి పోయి, అతని చొక్కా పట్టుకుని వాసన చూసింది. "తొమ్మిదేండ్లాయ నువ్వు మానుకోని. పాస్టరయ్య ముందర బైబిలు మింద సెయ్యి పెట్టింటివి. ఇప్పుడు రోజూ మాపటేల ఈ వాసనేంది?" అంది. తాత చేతిలో తాపీ అలాగే ఉండిపోయింది. "కరక్కాయ నీళ్లు మే అవి. గచ్చులోకి" అన్నాడు. "నీ సాకులు ముప్పైయేండ్లు ఇన్నా. ఒగసారి దగ్గుమందంటివి, ఒగసారి కాళ్లనొప్పులకంటివి. ఇప్పుడు గోడకు తాపుతాండావా?" ఆడవాళ్లు ఫక్కుమన్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆ కళ్లు చూస్తే నాకు భయమేసింది. అది కోపం కాదు. మళ్లీ ఆ పాత రోజులు తిరిగొస్తాయేమోనన్న బెదురు. తాత మళ్లీ తాగుతున్నాడనుకుంటోందని అర్థమైంది గాని, అందులో నా వంతేమిటో అప్పటికింకా నాకు తట్టలేదు.

నేను నోరు తెరిచి ఏదో చెప్పబోయేలోగా బడి ముందు జీపు ఆగింది. ఎక్సైజ్ వాళ్లు. నా స్టేటస్ ఎవరో ఊరి గ్రూపులో పెట్టారట, అక్కణ్నుంచి అది ఎక్కడెక్కడికో పోయి, చివరికి చేరాల్సిన చోటికే చేరింది. హెడ్‌సారు పై గుండీ పెట్టుకున్నారు. జీపులోంచి దిగిన సారు నెమ్మదైన మనిషి. డ్రమ్ముల మీది అక్షరాలన్నీ ఒక్కొక్కటే చదివి, జేబులోంచి పుస్తకం తీసి, "ఈ రాత ఎవరిది?" అని అడిగారు. "నాదే సార్" అన్నాను గర్వంగా. (రాత బాగుందని మెచ్చుకుంటారనుకున్నాను.)

"మొత్తం ఎనిమిదేనా?"

"ప్రస్తుతానికి ఎనిమిది సార్. చాలకపోతే ఇంకో నాలుగు పెడతాం."

ఆయన కలం ఆగింది. "ఎక్కడ అమ్ముతారు?"

"అమ్మడమేమిటి సార్! ఇదంతా పిల్లల కోసం."

"పిల్లలకా?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బడిలోనా?" అన్నారు.

"బడిలోనే సార్. లోపలా బయటా రెండు పూతలు పట్టిస్తాం" అన్నాను. హెడ్‌సారు పక్కనున్న రాళ్లకుప్ప మీద కూలబడిపోయారు. అప్పటికి నాకు తెలివొచ్చింది. గచ్చు, సున్నం, కరక్కాయ అంటూ ఒక్క గుక్కలో చెప్పబోయి, అన్నిటినీ కలగాపులగం చేశాను. సారు ఓపిగ్గా విన్నారు గాని, "వాసన చూస్తే ఊటే. ఫిర్యాదు వచ్చింది. పారబొయ్యక తప్పదమ్మా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కానీ పారబోస్తే మళ్లీ పదిరోజులు. పదిరోజులంటే బడి తెరిచే రోజు దాటిపోతుంది, ఊరివాళ్లు పెట్టిన గడువు దాటిపోతుంది, పసుప్పచ్చ బస్సు వచ్చి నిలబడుతుంది. తాత చేతులు జోడించి, "సార్, రుసి సూడండి సార్, తెలుస్తాది" అన్నాడు. డ్యూటీలో రుచి చూడకూడదన్నారు సారు. తాత తాగుదామంటే అవ్వ పక్కనే ఉంది. హెడ్‌సారు రాళ్లకుప్ప మీంచే రెండు చేతులూ ఊపి తన వల్ల కాదన్నారు.

"ఆగండి సార్!" అన్నాను. స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని, గోనెపట్టా తొలగించి, నిండా ముంచాను. "ఇది సారా అయితే నేను తూలాలి కదా. చూడండి!" అని గటగటా తాగేశాను. ఆ వగరుకు నాలుక తోలుముక్కలా చుట్టుకుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సారు మొహంలో మార్పేమీ కనబడకపోయేసరికి రెండో గ్లాసు కూడా తాగాను. ఆ పైన ఒంటికాలి మీద నిలబడి చూపించాను. అలా నిలబడే ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఆడవాళ్లంతా చీపుర్లు దించేసి చూస్తున్నారు. అందరికన్నా ముందు తేరుకుంది అవ్వే. నా చేతిలోని గ్లాసు లాక్కుని, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు నాలుకకు రాసుకుంది. మొగుడి వైపు చూసింది. మళ్లీ నాలుక చప్పరించింది. "కరక్కాయే!" అంది. ఆ ఒక్క మాటలో ఎంత ఊరట ఉందో చెప్పలేను. తాత మెల్లగా, "నేను సెప్తాంటే ఇనకపోతివి" అన్నాడు. "నువ్వు సెప్తే ఎట్ల నమ్మేది?" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ. అప్పుడు సారు కూడా ఒక చుక్క వేలితో ముట్టి నోట్లో పెట్టుకుని, మొహమంతా ముడుచుకుని, "ఇది తాగినవాడు జన్మలో సారా జోలికి పోడు" అని పుస్తకం మూసేశారు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈనాటికీ దాన్ని నా విజయంగానే చెప్పుకుంటూ ఉండేదాన్ని. కానీ అవ్వ నా వైపు తిరిగి, "రెండు గలాసులు తాగితివే పాపా, కరక్కాయ తాగితే ఏమయితాదో తెల్సునా?" అంది. "ఆరోగ్యమవ్వా. సంప్రదాయ వైద్యంలో..." అని మొదలుపెట్టాను. నా చిన్నప్పుడు కడుపు బిగబట్టినప్పుడల్లా మా నాయనమ్మ, అదే మా జేజి, కరక్కాయ అరగదీసి నాకించేదన్న సంగతి సరిగ్గా ఆ వాక్యం మధ్యలో గుర్తొచ్చింది. జేజి నాకించేది గోరంత. నేను తాగింది రెండు గ్లాసులు.

అదే సమయానికి ఎక్సైజ్ సారుకు ఉత్సాహమొచ్చింది. ఆయన తాతల ఇల్లు కూడా గచ్చు ఇల్లేనట. రాళ్లకుప్ప మీద హెడ్‌సారు పక్కనే కూర్చుని, సున్నంలో ఇసుక ఎంత పడుతుంది, నునుపు ఎలా తెస్తారు, కోడిగుడ్డు సొన కలుపుతారంటారు నిజమేనా అని ఒకటే ప్రశ్నలు. టీ కూడా తెప్పించారు. నేను నవ్వుతూ జవాబులు చెబుతున్నాను. కడుపులో సున్నం గానుగ తిరగడం మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత ఎద్దుల్ని ఎవరో అదిలించినట్టు. నుదుట చెమటలు. చుట్టూ చూశాను. ఊళ్లో ఇళ్లకు బాత్‌రూములు ఉన్నాయి, కాదనను. కానీ ఊరు చేరేంత వ్యవధి నాకు లేదు. బడిలో ఉన్న ఒక్క గదినీ రాయి రాయిగా విప్పించి పునాదిలో పూడ్పించింది నేనే. ఐదేళ్ల కాలేజీ భాష ఆ క్షణాన నన్ను విడిచి ఎటో పారిపోయింది. "అవ్వా! యాడికి పోవాల? బిన్నా సెప్పవ్వా, ఇంగ ఆగలేను!" అని అరిచాను.

అందరూ నిర్ఘాంతపోయారు. అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓయమ్మ, మా మాట గుడక వస్తాదే నీకు!" అంది. తర్వాత, ఎంత నెమ్మదిగా అందో ఆ నెమ్మదిని నేను చచ్చేదాకా మరిచిపోలేను, "రెండో దశలో కడ్తానంటివి కదమ్మా. అంతదంక ఓర్సుకో" అంది.

అన్నదే గాని వదిలిపెట్టలేదు. నీళ్ల చెంబు ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని గుట్ట వైపు పరిగెత్తించింది. చీపుర్లతో వచ్చిన ఆడవాళ్లలో నలుగురు వెంట వచ్చి, బండల ముందు వీపులు తిప్పి కాపలా నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం, బండలు పెనంలా కాలుతున్నాయి. కంపచెట్ల ముళ్లు, అడుగు దూరంలో తొండ ఒకటి తలూపుతూ నన్నే చూస్తోంది. మూడుసార్లు పోవాల్సి వచ్చింది. రెండోసారి పోయినప్పుడు దారిలో ఎవరో మేకల్ని తోలుకుంటూ వస్తే, వాళ్లు దాటిపోయే దాకా నేను ఒక బండకు ఆనుకుని, అవ్వ భుజం గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. అంత సిగ్గు, అంత నిస్సహాయత నేను అంతకుముందు ఎరగను.

మూడోసారి తిరిగొస్తూ నీడలో కూలబడితే, అవ్వ కొంగుతో నాకు విసురుతూ కూర్చుంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా బడి ఆడపిల్లోళ్లు పొద్దన్నించి నీళ్లు ముట్టరమ్మా" అంది. "ఇంటికి పోయేదంక బిగబట్టుకోని కూచ్చుంటారు. పప్పులో రోంత ఉప్పు ఎక్కువైతే నాతో కొట్లాడ్తారు, దప్పికయితాదని. పెద్దపిల్లోళ్లు నెలకు నాలుగు దినాలు బడికే రారు. అందుకే ఆ దినం నిన్ను అడిగితి." అరగంట ఉపన్యాసంలో నేను చెప్పిన మాటలన్నీ కలిపినా ఈ నాలుగు మాటల పాటి చెయ్యవని ఆ పూట ఆ బండ కింద కూర్చుని తెలుసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి (లేవగలిగాను, అదే గొప్ప) పటం మళ్లీ గీశాను. సామానూ మనుషులూ ఉన్నంతే. దేనికైనా కొత్తగా చోటు కావాలంటే ఇంకేదో పోవాలి. పదహారు రకాలుగా గీసుకున్న కమానును చేతిలోకి తీసుకుని కాసేపు చూసుకుని, అడ్డంగా గీత కొట్టేశాను. ఆ రాయితో ఆడపిల్లలకు రెండు, మగపిల్లలకు రెండు బాత్‌రూములు వస్తాయి. పెద్దసారుకు ఫోన్ చేశాను. "సార్, కమాను తీసేశాను."

"బతికించావు."

"రెండో దశ మొదట కడుతున్నాను."

"మంచిది. ఎవరు చెప్పారు?"

"కరక్కాయ సార్" అన్నాను. ఆయన వివరం అడగలేదు. ఆయనకూ వాట్సాప్ ఉంది కదా.

బెల్లం ఊట మొదట పట్టింది తరగతి గదులకు కాదు, ఆ నాలుగు గదులకు. తాత గచ్చు పూస్తే, అవ్వ, ఆ చీపుర్ల ఆడవాళ్లు నునుపైన గులకరాళ్లతో గోడల్ని రుద్దేవాళ్లు. అద్దంలా మెరిసేదాకా రుద్దేవాళ్లు, రుద్దుతూ నన్ను ఆటపట్టించేవాళ్లు. "మట్టి మేడం" అన్న పేరు పోయి "కరక్కాయ మేడం" వచ్చింది. బడి తెరవడానికి రెండురోజుల ముందు పని పూర్తయింది. హెడ్‌సారు గుండీ పెట్టుకుని ఉపన్యాసం చదివారు. రిబ్బను కట్టింది తరగతి గదులకే. అవ్వ మాత్రం కత్తెర పట్టుకుని గదుల్ని దాటుకుని నేరుగా వెనక్కి పోయి, "ఈడ కట్టండప్పా" అంది. చేసేదేమీ లేక రిబ్బను విప్పుకుని అందరూ ఆమె వెంట నడిచారు. ఎక్సైజ్ సారు కూడా భార్యాపిల్లలతో వచ్చి, బాత్‌రూము గోడను నిమిరి నిమిరి చూసి, "మా తాతగారి ఇల్లు ఇలాగే ఉండేది" అని అందరికీ చెప్పారు. గదుల లోపల బయటికన్నా ఎంత చల్లగా ఉందంటే, "స్లాబు ఏస్తారా?" అని అడిగిన తువ్వాలు ఆయన లోపలికి పోయి మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. పోయి చూస్తే నిద్రపోతున్నాడు. పసుప్పచ్చ బస్సెక్కే పిల్లల్లో నలుగురు వెనక్కి వచ్చారు. నలుగురేనా అనుకోవచ్చు. కానీ బడిని కలిపేస్తారన్న మాట ఆ ఏడాది ఎవరూ ఎత్తలేదు.

పోయిన ఏడాది కర్నూలు పని మీద పోయినప్పుడు దారి మళ్లించుకుని ఆ బడి చూడటానికి వెళ్లాను. ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, కళ్లద్దాలున్నాయి, మనిషిని కూడా కాస్త వెడల్పయ్యాను. మధ్యాహ్నం బడి విరామం వేళ. వరండాలో గోడకు ఆనుకుని తాత కూర్చున్నాడు. కళ్లు బాగా మసకబారాయి. నన్ను గుర్తుపట్టలేదు. బడి చూడటానికి వచ్చిన ఏ ఆఫీసరమ్మో అనుకుని, "కూచ్చోమ్మా, సల్లగుంటాది" అని పక్కన చోటు చూపించాడు. ఎవరు కట్టారు తాతా అని అడిగాను. "నేనే" అన్నాడు వెంటనే. తర్వాత తనే, "ఒగ పిల్ల ఉండె నాతోపాటు. కడప పిల్ల. శానా మాట్లాడేది. గోడ కట్టేది రాదు, మట్టి సూసేది రాదు, యేమీ రాదు ఆ పిల్లకు. అయినా పొద్దన లేసి అందరికన్నా ముందొచ్చి నిలబడేది" అన్నాడు. "ఏం నేర్చుకుందా పిల్ల?" అన్నాను. తాత నవ్వాడు. "రోంత నోరు మూసుకునేది నేర్సుకునె" అన్నాడు.

నేనే ఆ పిల్లనని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ తాత ఆ పిల్ల గురించి ఇంకా ఏదో మొదలుపెట్టాడు, అదీ ఎంతో ఇష్టంగా. మధ్యలో ఆపబుద్ధి కాలేదు. చల్లటి గోడకు వీపు ఆనించి, ఇరవై మూడేళ్ల ఆ తలతిక్క పిల్ల కథను, ఎవరో పరాయిదాని కథ విన్నట్టు, నవ్వుకుంటూ చివరిదాకా విన్నాను.